క్రైమ్ థ్రిల్లర్‌లో "కాస్త డైవర్సిటీ పెట్టండి" అన్నారు, ఎక్కడ పెట్టాలి అంటున్నారు కదా, ఇదిగో నా సమాధానం

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో మళ్ళీ చెప్తా, తప్పైతే సరిచేయండి. మీరు ఒక మర్డర్ ఇన్వెస్టిగేషన్ స్క్రిప్ట్ రాసారు, మూడు డ్రాఫ్టులు అయ్యాయి. చదివినవాళ్ళు "అందరూ ఒకే అచ్చులో పోసిన మగాళ్ళే ఉన్నారు, కాస్త డైవర్సిటీ తీసుకురండి" అన్నారు. మీరు వెళ్ళి నాలుగు పాత్రల పేర్లు మార్చారు, డిటెక్టివ్ అసిస్టెంట్‌ని అమ్మాయిని చేసారు, సాక్షిని వినపడని అమ్మాయిని చేసారు. ఇప్పుడేమో ఒక ఫ్రెండ్ "అతికించినట్టుంది" అంటున్నాడు, ఇంకొకావిడ హంతకుడు మైనారిటీ వర్గం మనిషి అయ్యేసరికి "గొడవలవుతాయి, మార్చెయ్" అంటోంది. ఎంత పెడితే సరిపోతుంది, విలన్‌ని ఏం చేయాలి, ఇవి రెండూ మీ డౌట్లు.

నేను పదిహేనేళ్ళుగా వేరేవాళ్ళ స్క్రిప్టులు చదివి నోట్స్ రాసే పనిలో ఉన్నా, అందులో సగం పైనే థ్రిల్లర్లు, కాబట్టి మీరు చేసిన ఈ పని చేసినవాళ్ళని చాలామందిని చూసా. కంగారేం లేదు, అందరూ మొదట పేర్లే మారుస్తారు.

"ఎంత" అనే లెక్క పక్కన పెట్టేయండి ముందు. క్రైమ్ కథ నడిచేదే అనుమానం మీద. ఎవరిని చూస్తే పోలీసుకి అనుమానం వస్తుంది, ఎవరి మాట నమ్ముతాడు, ఎవరు తలుపు కొడితే తీస్తారు, ఎవరు మాయమైతే టీవీ వ్యాన్లు వస్తాయి, ఎవరు మాయమైతే కంప్లైంట్ కూడా రాసుకోరు. ఇందులో ఏ ఒక్కదానికైనా ఆ మనిషి ఎవరో తెలీకుండా జవాబు చెప్పగలరా? ప్రేమకథలో హీరో ఫలానా వర్గం వాడు అన్నది నేపథ్యంగా ఉండిపోవచ్చు, ఫ్యామిలీ డ్రామాలో సంఘర్షణ కావచ్చు, కానీ థ్రిల్లర్‌లో అది ప్లాట్ అండి, క్లూ ఎవరికి దొరుకుతుందో ఎవరికి దొరకదో అదే నిర్ణయిస్తుంది. అందుకే ఈ జానర్‌లో పేరు మార్చి వదిలేస్తే అంత కొట్టొచ్చినట్టు తెలిసిపోతుంది, పేరు మారింది కానీ అనుమానం మారలేదు, తలుపులు మారలేదు.

ఇది కొత్తగా నేను కనిపెట్టిందేం కాదు. 1967లో వచ్చిన ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్ మొదటి ఇరవై నిమిషాలు చూడండి. అమెరికా దక్షిణాదిలో ఒక చిన్న ఊరు, రాత్రి హత్య జరిగింది. రైల్వే స్టేషన్‌లో ఒక నల్లజాతి మనిషి సూట్ వేసుకుని రైలు కోసం కూర్చున్నాడు. పోలీసు వస్తాడు, తుపాకీ పెడతాడు, పర్సు తీసి చూస్తాడు, అందులో డబ్బుంది, ఇంకేం కావాలి, దొంగ దొరికాడు. స్టేషన్‌కి తీసుకెళ్ళాక ఆ మనిషి బ్యాడ్జి తీసి చూపిస్తాడు, ఫిలడెల్ఫియా పోలీసు డిటెక్టివ్, అదీ హత్య కేసుల్లో చెయ్యి తిరిగినవాడు. సిడ్నీ పోయిటియర్ చేసిన పాత్ర అది. ఇక్కడ రంగు అనేది ఎవరో కమిటీ అడిగితే పెట్టింది కాదు, ఆ రంగు తీసేస్తే మొదటి సీనే లేదు, అరెస్టు లేదు, ఆ ఊరి పోలీస్ చీఫ్‌కీ ఇతనికీ మధ్య టెన్షన్ లేదు, సినిమానే లేదు. ఆ తర్వాత కూడా ప్రతి ఇంటర్వ్యూలో మనకి రెండు భయాలు నడుస్తుంటాయి, హంతకుడు దొరుకుతాడా అనేది ఒకటి, ఈయన ఈ ఊరి నుంచి ప్రాణాలతో బయటపడతాడా అనేది రెండోది. ఒక టికెట్‌కి రెండు సస్పెన్సులు అన్నమాట. పెద్ద ఎస్టేట్ యజమాని చెంప మీద కొడితే ఈయన క్షణం ఆగకుండా తిరిగి కొట్టే సీన్ గురించి ఇప్పటికీ ఎందుకు మాట్లాడతారంటే ఆ రెండో సస్పెన్స్ అంతా ఆ ఒక్క దెబ్బలో ఉంది.

ఇదే సినిమా గురించి ఇంకో ముక్క, ఇది కెమెరా వాళ్ళకి బాగా పనికొస్తుంది. అప్పట్లో కలర్ ఫిల్మ్‌ని సరిచూసుకునేది తెల్ల చర్మాన్ని కొలతగా పెట్టుకుని, లైటింగ్ అలవాట్లూ అలానే ఉండేవి. తెల్ల నటుడికి సరిపోయే లైటు నల్ల నటుడి మీద పడితే ముఖంలో వివరాలు పోతాయి లేదా నుదురు మెరిసిపోతుంది. దీనికి సినిమాటోగ్రాఫర్ హాస్కెల్ వెక్స్‌లర్ పోయిటియర్ ముఖానికి తగ్గట్టు లైటు సర్దుకున్నాడు. మనం రిప్రజెంటేషన్ అనగానే డైలాగులు, పాత్రలు అనుకుంటాం, ముఖం కనపడాలి కదండీ ముందు, ఆలోచిస్తున్న మనిషి కళ్ళు కనపడకపోతే డిటెక్టివ్ ఏంటి! అయితే అంత చేసాక కూడా ఆ ఏడాది బెస్ట్ పిక్చర్ ఆస్కార్ సినిమాకి వచ్చింది, బెస్ట్ యాక్టర్ చీఫ్ పాత్ర చేసిన రాడ్ స్టైగర్‌కి వచ్చింది, పోయిటియర్‌కి నామినేషన్ కూడా లేదు.

సరే మీ స్క్రిప్ట్‌కి వద్దాం. నేను వాడే పరీక్ష ఒకటుంది, చాలా మోటు పరీక్ష. ఆ పాత్రని మళ్ళీ పాత మనిషిగా మార్చేసి ఇన్వెస్టిగేషన్ మొత్తం మళ్ళీ చదవండి. ఒక్క సీన్ అయినా వేరేలా జరగాల్సి వస్తోందా? ఒక సాక్షి మాట మార్చాలా? ఒక తలుపు మూసుకోవాలా? ఏమీ మారకపోతే మీరు వేసింది రంగు మాత్రమే. మీ డిటెక్టివ్ అసిస్టెంట్ అమ్మాయి అన్నారు కదా, ఆవిడ నలభై పేజీల్లో చేసిన పని ఏంటంటే ఫైల్ తెచ్చివ్వడం, "సార్, ఇది చూడండి" అనడం, ఒకసారి కిడ్నాప్ అవ్వడం. ఉత్సవ విగ్రహం అండి అది, ఊరేగింపుకి తీసుకొచ్చారు, మళ్ళీ గుడిలో పెట్టేసారు.

పోల్చి చూడ్డానికి జాకీ బ్రౌన్ తీసుకోండి, 1997. దానికి మూలం ఎల్మోర్ లెనార్డ్ నవల, అందులో నాయిక తెల్లావిడ, ఇంటిపేరు బర్క్. సినిమాలో టరాంటినో ఆవిడని నల్లావిడని చేసి పామ్ గ్రియర్‌ని పెట్టాడు. పేరు మార్చి ఊరుకోలేదు చూడండి. ఆవిడకి 44 ఏళ్ళు, చిన్న ఎయిర్‌లైన్స్‌లో తక్కువ జీతానికి ఎయిర్ హోస్టెస్, పాత కేసు ఒకటి ఉంది, ఈ ఉద్యోగం పోతే ఇంకోటి రాదు. పోలీసులు బెదిరించేదే ఆ మాట మీద, నీ వయసులో నీలాంటిదానికి ఇంకెవడిస్తాడు అని. అక్కడ్నుంచి కథ మొత్తం ఒకే ఒక్క దాని మీద నడుస్తుంది, పోలీసులూ, ఆవిడ చేత డబ్బు మోయించే గన్నులమ్మేవాడూ ఇద్దరూ ఆవిడని తక్కువ అంచనా వేస్తారు, వాళ్ళ తక్కువ అంచనానే ఆవిడ ఆయుధం. పాత్ర మారింది కాబట్టి ప్లాన్‌కి బలం వచ్చింది. మీరు చేసిన మార్పు ఇలా ఉండాలి.

అడ్డు ప్రశ్న వేస్తారని తెలుసు, "అంటే ప్రతి నల్లజాతి పాత్రా జాతి వివక్ష గురించే ఉండాలా, ప్రతి ఆడ పోలీసూ మగాళ్ళతో గొడవపడుతూనే ఉండాలా?" అక్కర్లేదు. 1995 సెవెన్‌లో మోర్గాన్ ఫ్రీమన్ డిటెక్టివ్, ఆయన రంగు గురించి కథ ఎక్కడా పట్టించుకోదు, ఆయన అలసట, రిటైర్మెంట్, లైబ్రరీలో రాత్రిళ్ళు కూర్చుని చదవడం, ఇవే పాత్ర. అది బ్రహ్మాండంగా పనిచేసింది. ఎందుకంటే అక్కడ మనిషి నిండుగా ఉన్నాడు, ఏ మనిషినైనా నిండుగా రాస్తే ఎవరు చేసినా నిలబడుతుంది. ఇంకో రకం ఫార్గో, 1996. పోలీస్ చీఫ్ మార్జ్ ఏడు నెలల గర్భిణి. మంచులో బోల్తా పడ్డ కారు దగ్గర శవం చూస్తూ ఉన్నట్టుండి ముందుకి వంగిపోతుంది, పక్కనున్నాయన ఏదో క్లూ దొరికింది అనుకుంటాడు, ఆవిడ అబ్బే వికారం అంటుంది, రెండు క్షణాలాగి లేచి, పోయిందిలే, మళ్ళీ ఆకలేస్తోంది అంటుంది. అయిపోయింది, పనిలోకి వెళ్ళిపోతుంది. గర్భం గురించి స్పీచ్ లేదు, సినిమా మొత్తంలో ఎవరూ "ఈ పరిస్థితిలో డ్యూటీ ఏంటమ్మా" అని క్లాసు పీకరు. కానీ ఆ కడుపు ప్రతి ఫ్రేములో ఉంది, హంతకుడి వైపు తుపాకీ పట్టుకుని మంచులో అడుగులేస్తున్నప్పుడు మన గుండె ఆగిపోయేది ఆ కడుపు వల్లే.

కాబట్టి నా పరీక్షకి సవరణ: మార్పు వల్ల ఇన్వెస్టిగేషన్ మారాలి, లేదంటే ఆ మనిషి వర్గం తీసేసినా నిలబడేంత నిండుగా ఉండాలి. రెండూ లేని పాత్రలే అతికించినట్టుంటాయి. మీ ఫ్రెండ్ తనకి తెలీకుండానే పట్టుకున్నది అదే.

ఇప్పుడు విలన్ గొడవ. దీని మీదే ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఇక్కడే అందరూ తప్పు మందు వేసుకుంటారు.

1932లో స్కార్‌ఫేస్ తీసినప్పుడు అందులో గ్యాంగ్‌స్టర్లు ఇటాలియన్ వలసదారులు. సెన్సార్ వాళ్ళ ఒత్తిడికి తర్వాత కొన్ని సీన్లు కలిపారు, ఒక పత్రికాఫీసులో పెద్దమనుషులు కూర్చుని ఈ గ్యాంగ్‌స్టర్ల మీద ఏదో ఒకటి చేయాలి అని మాట్లాడుకునే సీన్ అలా వచ్చిందే, అందులో ఇటాలియన్ యాసలో ఒకాయన లేచి వీళ్ళ వల్ల మా వాళ్ళ పరువు పోతోంది అన్న అర్థంలో ఒక మాట అని కూర్చుంటాడు. అంతే ఆయన పాత్ర. మంచి ఇటాలియన్ ఒకడున్నాడు అని రసీదు చూపించడానికి పెట్టిన మనిషి. తొంభై ఏళ్ళు దాటినా ఇప్పటికీ నా టేబుల్ మీదకొచ్చే స్క్రిప్టుల్లో ఆయన ఉంటాడు, పేరు మారుతుంది, వర్గం మారుతుంది, లేచి నిలబడి "మేమంతా అలాంటివాళ్ళం కాదు" అని కూర్చుంటాడు. మీ స్క్రిప్ట్‌లో కూడా ఉన్నాడు, విలన్ పక్కింటాయన, 71వ పేజీ. తీసేయండి ఆయన్ని.

ఇంకో తప్పు మందు మాటలు తీసేయడం. గాడ్‌ఫాదర్ తీస్తున్నప్పుడు ఇటాలియన్ అమెరికన్ సంఘం ఒకటి గొడవ చేస్తే మాఫియా అన్న మాటని స్క్రిప్ట్ నుంచి తీసేసారు. 1972లో సినిమా వచ్చింది, ఆ మాట లేకపోయినా వాళ్ళెవరో చూసినవాళ్ళకి అర్థం కాలేదా ఏంటి. మాట తీసేయడం వల్ల ఒరిగింది ఏం లేదు. అదే సినిమాలో నిజంగా పనిచేసిందేంటంటే మొదట్లో ఆ పెద్ద పెళ్ళి, ఆ పాటలు, ఫోటో దిగడానికి చిన్న కొడుకు మైకేల్ రావాలని తండ్రి ఆగడం, చుట్టాలు, అల్లుడు, కొడుకుల్లో ఒక్కొక్కడిదీ ఒక్కో గుణం, అంటే ఇరవై మంది ఇటాలియన్లు ఇరవై రకాల మనుషులుగా కనపడ్డారు. నేరం చేసేవాడు ఆ వర్గంవాడే, భయపడేవాడూ ఆ వర్గంవాడే, ప్రేమించేవాడూ, పిరికివాడూ, మోసపోయేవాడూ అంతా వాళ్ళే. అలా ఉన్నప్పుడు ఒక్కడి నేరం ఒక్కడిదే అవుతుంది. (ఇందులో ఆడవాళ్ళ సంగతి వేరే, చివర్లో తలుపు మైకేల్ భార్య ముఖం మీదే మూసుకుంటుంది, ఆ టాపిక్ ఎత్తితే ఇవాళ తెల్లారదు.)

అసలు సమస్య విలన్ ఆ వర్గం వాడు కావడం కాదు, సినిమా మొత్తంలో ఆ వర్గం నుంచి వాడొక్కడే ఉండటం. ఒక్కడే ఉంటే వాడు మొత్తం అందరికీ ప్రతినిధి అయిపోతాడు, మీరు వద్దనుకున్నా. ఆ వర్గం నుంచి బాధితుడు ఉండాలి, విసుక్కునే కానిస్టేబుల్ ఉండాలి, అబద్ధం చెప్పే సాక్షి ఉండాలి, కేసుతో సంబంధం లేకుండా కారు రిపేర్ చేసే మనిషి ఉండాలి. అప్పుడు విలన్‌ని ఎంత దుర్మార్గుడిగా రాసుకుంటారో రాసుకోండి.

ఇంకో విషయం ఇక్కడే చెప్పాలి, డైలాగుతో బొమ్మని కడగలేం. సైలెన్స్ ఆఫ్ ద లాంబ్స్ నాకు చాలా ఇష్టమైన సినిమా, అది మొదటే చెప్పేస్తున్నా. అందులో హంతకుడు ఆడవాళ్ళ చర్మంతో తనకో ఒళ్ళు కుట్టుకోవాలనుకునే మనిషి. అతను నిజంగా ట్రాన్స్ కాదు, అలా అనుకుంటున్నాడంతే అని జైల్లో ఉన్న సైకియాట్రిస్ట్ లెక్టర్ చేత ఒక మాట చెప్పిస్తారు. రాసినవాళ్ళు జాగ్రత్త పడ్డారు, కాదనను. కానీ థియేటర్ నుంచి బయటికొచ్చినవాడికి గుర్తున్నది ఆ మాటా, లేక అద్దం ముందు మేకప్ వేసుకుని డాన్స్ చేసే ఆ సీనా? 1992 ఆస్కార్ వేడుక బయట గే హక్కుల కార్యకర్తలు నిరసన చేసారు, లోపల సినిమాకి అయిదు పెద్ద అవార్డులూ వచ్చాయి. వాళ్ళ కోపం ఆ ఒక్క సినిమా మీదే అనుకుంటే పొరపాటు, అంతకుముందు ముప్ఫై ఏళ్ళుగా సైకో సినిమా దగ్గర్నుంచి థ్రిల్లర్‌లో ఆడ బట్టలేసుకున్న మగవాడు తెర మీద కనిపిస్తే చివర్లో కత్తి బయటికి రావడం ఒక అలవాటుగా మారిపోయింది, వేరే రకంగా వాళ్ళు కనపడిన థ్రిల్లర్లు దాదాపు లేవు. దర్శకుడు జోనథన్ డెమ్మీ తర్వాత తీసిన ఫీచర్ సినిమా ఎయిడ్స్ వచ్చిన గే లాయర్ కథ, ఫిలడెల్ఫియా.

విచిత్రం ఏంటంటే అదే సినిమా ఆడ డిటెక్టివ్‌ని చూపించడంలో పాఠ్యపుస్తకం. మొదట్లోనే లిఫ్ట్ ఎక్కుతుంది క్లారిస్, ఎఫ్‌బీఐలో ఇంకా ట్రైనింగ్‌లో ఉన్న అమ్మాయి, చుట్టూ ఎర్ర చొక్కాల్లో పొడుగాటి మగాళ్ళు, ఆవిడ వాళ్ళ మధ్య పొట్టిగా కనపడుతుంది. ఒక్క డైలాగు లేదు. తర్వాత ఆవిడతో మాట్లాడే మగాళ్ళు చాలాసార్లు సూటిగా కెమెరాలోకే చూస్తారు, ఆవిడ మాత్రం కెమెరాకి కాస్త పక్కకి చూస్తుంది. దాంతో ఆ చూపులన్నీ మన మీద పడతాయి, రెండు గంటలు ఆవిడ ఒంట్లో కూర్చుని ఆ మగాళ్ళ చూపు భరిస్తాం. "ఆడవాళ్ళకి డిపార్ట్‌మెంట్‌లో కష్టం" అని ఎవరూ లెక్చర్ ఇవ్వరు. ఒకే సినిమా ఒక గుంపు విషయంలో ఇంత బాగా, ఇంకో గుంపు విషయంలో అంత అజాగ్రత్తగా ఉండొచ్చు, కాబట్టి "నా హీరోయిన్ స్ట్రాంగ్, నా సినిమా ప్రోగ్రెసివ్" అని ధీమా పడకండి.

మానసిక అనారోగ్యం కూడా ఇదే లిస్టులోకి వస్తుంది. హంతకుడు ఎందుకు చంపాడు అంటే "పిచ్చి" అని రాసి చేతులు దులుపుకోవడం బద్ధకం అండి, మోటివ్ రాయడం చేతకాక వేసిన తాళం అది. నిజ జీవితంలో తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్ళు హింస చేయడం కంటే హింసకి గురవ్వడమే ఎక్కువ. ఆ ముక్క ఒకసారి తలకెక్కితే ఎంత మంచి కథ వస్తుందో చూడాలంటే 2003 కొరియన్ సినిమా మెమరీస్ ఆఫ్ మర్డర్ చూడండి. బాంగ్ జూన్-హో తీసాడు, 1986 నుంచి 1991 దాకా హ్వాసాంగ్ ప్రాంతంలో జరిగిన వరుస హత్యల మీద. (ఇక్కడ కథ చెప్పేస్తున్నా, చూడనివాళ్ళు తర్వాతి పేరాకి వెళ్ళండి.) పోలీసులకి మొదట దొరికేవాడు బుద్ధి ఎదగని ఒక కుర్రాడు, అది జబ్బు కాదు, కానీ అనుమానం పడే తీరు అదే. కొడతారు, అతని బూటుతో దొంగ అడుగుజాడ తయారుచేస్తారు, ఏం చెప్పాలో నేర్పించి చెప్పిస్తారు. ఆ కుర్రాడు హత్య గురించి అంత వివరంగా ఎలా చెప్పాడు అన్నది చాలా ఆలస్యంగా వెలుగుతుంది వాళ్ళకి, వాడు చేసి కాదు, చూసి. చేతిలో ఉన్న ఒకే ఒక్క కళ్ళారా చూసిన సాక్షిని కొట్టి కొట్టి పోగొట్టుకున్నారు. చూసారా, వాడి మాట ఎవరూ వినకపోవడమే సినిమాకి వెన్నెముక. అసలు కేసులో నేరస్థుడు తేలింది 2019లో, డీఎన్ఏ వల్ల. అప్పటికే చేయని నేరానికి ఒక అమాయకుడు ఇరవై ఏళ్ళు జైల్లో ఉండి వచ్చాడు, కోర్టు 2020లో నిర్దోషి అంది. ఇంకోటి, సినిమాలో, రేడియోలో ఒకే పాట అడిగిన రాత్రుల్లోనే హత్యలు జరుగుతున్నాయి అని కనిపెట్టేది ఆ స్టేషన్‌లో ఎవరూ లెక్కచేయని లేడీ కానిస్టేబుల్. ఆవిడకి ఉన్నవి కొన్ని సీన్లే. మీ అసిస్టెంట్‌కి నలభై పేజీలున్నాయి.

మీ వినపడని సాక్షి దగ్గరకి వద్దాం, నాకు మీ స్క్రిప్ట్‌లో బాగా ఆశ పుట్టించిందీ, బాగా నిరాశ పెట్టిందీ ఈ అమ్మాయే. రోడ్డుకి అవతలి నుంచి ఇద్దరు మాట్లాడుకోవడం చూసి పెదాల కదలిక బట్టి పూర్తి వాక్యాలు అప్పజెప్పేస్తుంది. ఇది సూపర్ పవర్ అండి, వినికిడి లోపం కాదు. కొన్నేళ్ళ క్రితం ఇలాంటిదే ఇంకో స్క్రిప్ట్ చదివా, నేనూ అప్పుడు ఓకే అనేసా, తర్వాత ఆ టీమ్ వినపడని ఒకావిడకి డబ్బిచ్చి చదివించారు, ఆవిడ నవ్విందట. అద్దం ముందు నిలబడి పాప, బాబా, మామ అని గొంతు రాకుండా అని చూడండి అందట. నేను చూసా. మూడూ ఒకటే! ప, బ, మ మూడింటికీ పెదాలు ఒకేలా మూసుకుని తెరుచుకుంటాయి, తేడా అంతా లోపల గొంతులో ముక్కులో ఉంది. క, గ లాంటివి అయితే పెదాల మీదకే రావు. పెదాలు చదివేవాళ్ళు సగం పైగా సందర్భాన్ని బట్టి ఊహించుకుంటారు, పక్కకి తిరిగితే పోయింది, చెయ్యి అడ్డం పెడితే పోయింది.

ఇప్పుడు చెప్పండి, మీకు దొరికిన క్లూ ఎంత బాగుందో! సాక్షి చూసింది ఒక్క మాట. "పాప" అన్నాడా "మామ" అన్నాడా? పోలీసులు ఒకటి అనుకుని మామ వెనక పడతారు, నలభై పేజీలు తప్పు దారి. ఆ అమ్మాయి మొదటి రోజే రెండూ కావొచ్చు అని చెప్పింది, కానీ స్టేషన్‌లో సైగల భాష తెలిసినవాళ్ళు లేక తమ్ముడి చేత చెప్పించారు, తమ్ముడు తనకి అర్థమైంది ఒక్కటే చెప్పాడు. తర్వాత సరైన ఇంటర్‌ప్రెటర్ వచ్చినప్పుడు కూడా ఇన్‌స్పెక్టర్ ఆ అమ్మాయి వైపు చూడకుండా ఇంటర్‌ప్రెటర్‌నే అడుగుతుంటాడు, "ఆమెని అడగండి ఏం చూసిందో" అని. ఆ అమ్మాయి టేబుల్ మీద చెయ్యి చరిచి తన వైపు చూడమంటుంది. ఇదిగో మీ సీన్! నేను రాసిచ్చేస్తున్నా ఫ్రీగా. 1967లోనే వెయిట్ అంటిల్ డార్క్‌లో ఇది చేసి చూపించారు కదా, కళ్ళు లేని ఆవిడ ఇంట్లోకి హంతకుడు వస్తే ఆవిడ బల్బులన్నీ పగలగొడుతుంది, చీకట్లో ఇద్దరూ సమానం, ఇంకా చెప్పాలంటే ఆవిడదే పైచేయి. తర్వాత వాడు ఫ్రిజ్ తలుపు తీస్తాడు, ఆ లైటు సంగతి ఆవిడకి తట్టలేదు. లోపం జాలి కోసం కాదు, ఎత్తుకి పైఎత్తు కోసం వాడారు.

భాష కూడా ఇలాంటిదే, దీన్ని వాడుకునేవాళ్ళు తక్కువ. 2015 తమిళ సినిమా విసారణైలో గుంటూరులో పనిచేసుకునే తమిళ కూలీలని తెలుగు పోలీసులు పట్టుకెళ్ళి చేయని దొంగతనం ఒప్పుకోమంటారు. లాఠీ కన్నా ముందు భయపెట్టేది ఆ భాష. ఏం అడుగుతున్నారో తెలీదు, ఏం జవాబు చెప్తే ఆపుతారో తెలీదు. మనకి తెలుగు వచ్చు కాబట్టి అది చూస్తుంటే ఇంకో రకం ఇబ్బంది, ఆ గదిలో మనకి అర్థమయ్యేది కొట్టేవాడి మాట.

శవాల గురించి కూడా చూసుకోండి. మీ మొదటి పేజీలో శవం ఒక అమ్మాయిది, నూట పది పేజీల్లో ఆవిడ పేరు ఆరు సార్లు వచ్చింది, హంతకుడి చిన్నతనం గురించి మాత్రం ఏడు పేజీల ఫ్లాష్‌బ్యాక్. ఎవరి కోసం ఈ ఇన్వెస్టిగేషన్ అంతా అన్నది మర్చిపోయాం. 2017 విండ్ రివర్ చూసారో లేదో, నేటివ్ అమెరికన్ అమ్మాయి హత్య, ఆ అమ్మాయిలు మాయమైతే లెక్కలు కూడా సరిగ్గా ఉండవు అని చివర్లో అక్షరాల్లో వేస్తారు, ఉద్దేశం మంచిదే, తండ్రి పాత్ర చేసిన గిల్ బర్మింగ్‌హామ్ కాసేపే ఉన్నా ఏడిపిస్తాడు. కానీ కేసు ఛేదించేవాళ్ళు ఇద్దరూ తెల్లవాళ్ళు. బాధ వాళ్ళది, కథ వీళ్ళది. ఇది తప్పు అని కొట్టిపారేయను, కానీ దీనికి ఎదురుగా డెవిల్ ఇన్ ఎ బ్లూ డ్రెస్ పెట్టి చూడండి, 1995, కథ జరిగేది 1948 లాస్ ఏంజెలిస్. ఉద్యోగం పోయి ఇంటి అప్పు కట్టాల్సిన ఒక నల్లజాతి మామూలు మనిషిని ఒక తెల్లవాడు డబ్బిచ్చి పనిలో పెట్టుకుంటాడు, ఎందుకంటే వెతకాల్సిన అమ్మాయి నల్లవాళ్ళ క్లబ్బుల్లో తిరుగుతోంది, అక్కడికి ఇతను పోలేడు. సరే, ఇతనికి అక్కడ తలుపులు తెరుచుకుంటాయి, కానీ సముద్రం పక్కన ఒక తెల్లమ్మాయి పలకరించి మాట్లాడిందన్న పాపానికి కుర్రాళ్ళ గుంపు చుట్టుముడుతుంది, ఇంకో చోట పోలీసులు తన్నేస్తారు. ఎక్కడ నిలబడి ప్రశ్న అడగొచ్చు అన్నదే మ్యాప్ అయిపోయింది. మీ డిటెక్టివ్‌కి అలాంటి మ్యాప్ గీయండి, ఎక్కడికి సులువుగా వెళ్తాడు, ఎక్కడ చెమటలు పడతాయి.

నటులెవరు అన్నది మీ చేతిలో ఉండకపోవచ్చు, అయినా ఒక మాట. 1930ల్లో చార్లీ చాన్ అని చైనీస్ డిటెక్టివ్ సినిమాలు వరసగా వచ్చేవి, తండ్రి పాత్ర చేసింది స్వీడన్‌లో పుట్టిన వార్నర్ ఓలాండ్, కొడుకు పాత్ర చేసింది నిజంగా చైనాలో పుట్టిన కీ ల్యూక్. నిజమైన చైనీస్ నటుడు పక్కనే ఉన్నాడు, కానీ పేరు పడేది తెల్ల నటుడికి! 1958 టచ్ ఆఫ్ ఈవిల్ సంగతి ఇంకా తమాషా, నవలలో హీరో అమెరికన్, భార్య మెక్సికన్, ఆర్సన్ వెల్స్ దాన్ని తిప్పేసి నిజాయితీపరుడైన పోలీసుని మెక్సికన్ చేసాడు, దొంగ సాక్ష్యాలు పెట్టేవాడు అమెరికన్. ఆ కాలానికి చాలా ధైర్యం. ఆ మెక్సికన్‌గా చేసింది మాత్రం గోధుమ రంగు పూసుకున్న చార్ల్‌టన్ హెస్టన్.

"ఆస్కార్‌కి రూల్స్ పెట్టారు కదా, అందుకే అందరూ బలవంతంగా పెడుతున్నారు" అని మీ పోస్ట్ కింద ఒకాయన అన్నారు. 2020లో ప్రకటించారు, 2024 వేడుక నుంచి అమలు, అదీ బెస్ట్ పిక్చర్‌కి మాత్రమే. నాలుగు ప్రమాణాల్లో రెండు చాలు, తెర మీద కనపడేది ఆ నాలుగింట్లో ఒకటే, మిగతావి తెర వెనక టీమ్, ట్రైనింగ్ అవకాశాలు, పబ్లిసిటీ విభాగం లాంటివి. అంటే తెర మీద ఒక్క పాత్ర మార్చకుండా కూడా పాసవ్వొచ్చు. చెత్తగా రాసినదానికి ఆ రూల్స్ మీద నెపం పెట్టకండి. అంతకన్నా ఉపయోగపడేది కావాలంటే గ్లాడ్ సంస్థ 2013లో పెట్టిన వీటో రుస్సో టెస్ట్ చూడండి, ఎల్‌జీబీటీ పాత్రల కోసం పెట్టింది, అందులో మూడో షరతు ఏంటంటే ఆ పాత్రని తీసేస్తే కథకి పెద్ద దెబ్బ తగలాలి. నేను పైన వాగిందంతా ఆ ఒక్క షరతులో ఉంది.

ఇక మీరు ఈ వారం చేయాల్సింది. పాత్రలు మొదటిసారి కనపడినప్పుడు మీరు రాసిన వర్ణనలు ఒక కాగితం మీద పక్కపక్కన పెట్టండి. నేను పెట్టి చూసా. మగాళ్ళకి "కళ్ళల్లో నిద్రలేమి", "ఎవరినీ నమ్మని చూపు" అని ఉంది, అసిస్టెంట్‌కి "అందంగా, చలాకీగా, 26" అని ఉంది. అసిస్టెంట్‌కి ఒక తప్పు చేసే అవకాశం ఇవ్వండి, కేసుని నిజంగా దెబ్బతీసే తప్పు, ఇలాంటి పాత్రలకి మనం భయపడి తప్పులే ఇవ్వం, అందుకే ప్రాణం ఉండదు. పేర్లు మార్చిన ఆ నలుగురిలో ఇద్దరిని పాత పేర్లకే పంపేయండి, వాళ్ళకి చేయడానికేం లేదు. చదివించడానికి ఆ వర్గం మనిషిని పెట్టుకుంటే డబ్బివ్వండి, "ఓకేనా" అని అడగకండి, "ఈ సీన్‌లో ఈవిడ పోలీసుకి ఫోన్ చేస్తుందా, చేయదా, ఎందుకు" అని అడగండి. విలన్‌ని మార్చొద్దు, వాడి చుట్టూ మనుషులని పెంచండి.

ముందు ఆ స్టేషన్ సీన్ రాయండి, తమ్ముడు తప్పుగా చెప్పేది. మూడు పేజీలు దాటనివ్వకండి. రాసి ఇక్కడే పెట్టండి, చదువుతా.